ఆగిపోయిన అంకె



1986 ఆగస్టులో గోదావరికి మహోగ్రమైన వరద వచ్చినపుడు నేను రాజమహేంద్రవరములో ఒక కళాశాలయందు భౌతికశాస్త్రము బోధించుచుంటిని. కరెంటు పోయి, వీధి యెల్ల చీకటియై, లాంతరు వెలుతురులో ఒక బ్యాటరీ రేడియో చుట్టును ఇరుగుపొరుగువారందరము మూగి కూర్చుండి, ఆ రాత్రులయందు చెవి యొగ్గి వినుచుండినది పాటను కాదు, నాటికను కాదు, ఒక్క అంకెను. భద్రాచలము వద్ద నీటిమట్టము ఎన్ని అడుగులు? అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది అని నేటికిని లెక్క. ఆ యేడు ప్రవాహము ఆ మూడు గీటులను మ్రింగి 75.6 అడుగుల వరకు ఎగబ్రాకినది. మా గుంపులో పడవ నడపి నడపి ముసలివాడైన సరంగు ఒకడుండెడివాడు. అడుగుల లెక్క వినబడగానే తక్కినవారందరును "అమ్మో" అని గుండెలమీద చేతులు వేసికొనుచుండగా, అతడొక్కడు మాత్రము "ఎన్ని గంటలకు?" అని అడిగెడివాడు. భద్రాచలపు నీరు మా గట్టునకు చేరుటకు వ్యవధి పట్టును గనుక, వేళ తెలియని మట్టము అతని లెక్కలో మట్టమే కాదు. అప్పుడది ముసలివాని చాదస్తమని తోచినది. ఉద్యోగవిరమణానంతరము మా డాబామీది నీళ్ల ట్యాంకు నాకు పాఠము చెప్పువరకును ఆ ప్రశ్నకు గల బరువు నాకు తెలియలేదు.

ఆ ట్యాంకు కథయే నేటి ప్రసంగవిషయము. ఎక్కడనో యున్న పరికర మొకటి తాను కొలిచిన కొలతను ఎప్పటికప్పుడు తెలుపుచుండగా, మనము వేరొకచోట, అది ప్రక్కగది కావచ్చును, పరదేశము కావచ్చును, కూర్చుండి దానిని బ్రౌజరు తెరమీద చూచుచుండుటను నేటివారు "లైవ్" అని వ్యవహరించుచున్నారు. లైవ్ అనగా ప్రాణముతో నున్నది అని గదా అర్థము. తెరమీది అంకెకు ఆ ప్రాణ మెక్కడినుండి వచ్చుచున్నది, ఎట్లు వచ్చుచున్నది, పోయినపుడు మనకెట్లు తెలియును, అను మూడు ప్రశ్నలలో మొదటి రెంటికి సమాధానములు చెప్పువారు లెక్కకు మిక్కిలిగా నున్నారు. మూడవదానిని అడుగువారే అరుదు.

మధ్యతరగతి గృహస్థునకు విధి నిర్ణయించిన నిత్యదుఃఖములలో ట్యాంకు పొర్లిపోవుట ఒకటి. మోటారు వేయుట, వేసి మరచిపోవుట, ప్రక్కింటివారు "మాస్టారూ, మీ ట్యాంకు పొర్లుతోందండీ" అని గోడమీదనుండి కేకవేయుట, పంచె యెగగట్టుకొని స్విచ్చి కొరకు పరుగెత్తుట. ఇంజనీరింగు చదువుచున్న మా మనుమరాలు వేసవి సెలవులకు వచ్చి, ఈ దృశ్యమును రెండు మూడు దినములు వినోదముగా చూచి, పిమ్మట జాలిపడి, "తాతయ్యా, మాటిమాటికీ పైకెక్కి మూత తీసి చూడడమెందుకు? ట్యాంకే మీకు చెప్పేలా చేద్దాం" అన్నది. కొన్ని వందల రూపాయల వ్యయముతో, రెండు దినముల శ్రమతో, ట్యాంకు మాటాడుట నేర్చినది.

అది మాటాడు విధానము వినదగినది. మూతకు లోపలివైపున, నీటిని చూచుచుండునట్లు, రెండు కన్నులవంటి గొట్టములు గల చిన్న సెన్సరును బిగించినాము. అది సెకండునకు 40 వేల కంపనములు గల, మానవకర్ణమునకు అందని ధ్వనిని నీటిమీదికి వదలి, ఆ ధ్వని నీటికి తగిలి ప్రతిధ్వనియై మరలి వచ్చుటకు పట్టిన కాలమును కొలుచును. సెంటీమీటరు దూరమునకు ధ్వని పోయివచ్చుటకు పట్టునది సుమారు 58 మైక్రోసెకండ్లు మాత్రమే. చీకటిలో గబ్బిలము చేయు పనియే యిది. గబ్బిలమునకు జీతము లేదు, దీనికి అయిదు వోల్టులు చాలును. ఇట్లు లభించిన దూరమును నీటిమట్టముగా మార్చి వైఫై ద్వారా ఇంటిలోనికి పంపునది ఇ.ఎస్.పి. 8266 అను చిప్పు. 2014లో షాంఘై నగరపు ఎస్ప్రెసిఫ్ సంస్థ దీనిని విపణిలోనికి తెచ్చిన పిమ్మటనే, అంతకు పూర్వము పరిశ్రమలకును ప్రయోగశాలలకును పరిమితమై యుండిన ఈ విద్య బొటనవ్రేలంత పలకమీద బడిపిల్లల చేతికిని, నావంటి పింఛనుదారుల చేతికిని వచ్చినది.

మొదటి వారమంతయు నేను తెర యెదుటనుండి లేవలేదు. గంగాళము నిండుచున్నపుడు నీటిని చూచు పసివానివలె, ఆ శాతము పెరుగుటను తరుగుటను చూచుచు కాలము గడపితిని. ఒకనాడు, వైశాఖమాసపు ఎండ నిప్పులు చెరుగుచుండగా, మిట్టమధ్యాహ్నము మోటారు వేయకయే ట్యాంకులో నీరు మూడు సెంటీమీటర్లు పెరిగినది! మా యింటావిడ దానిని దైవానుగ్రహముగా తలపోసినది. నేను మాత్రము సిగ్గుపడితిని. ఏలయనగా, ధ్వనివేగము ఉష్ణోగ్రతతో మారునని తరగతి తరువాత తరగతికి ఏండ్ల తరబడి నల్లబల్లమీద వ్రాసినవాడను నేనే. 20 డిగ్రీల యొద్ద గాలిలో ధ్వని సెకండునకు సుమారు 343 మీటర్లు పోవును. అటుపైని డిగ్రీ యొక్కింటికి 0.6 మీటరు చొప్పున వేగము హెచ్చును. మనుమరాలు 343 అనియే లెక్క కట్టినది. తెల్లవారుజామున 27 డిగ్రీలున్న ట్యాంకులోని గాలి మధ్యాహ్నమునకు 45 డిగ్రీలకు కాగినపుడు, ధ్వని త్వరపడి, ప్రతిధ్వని ముందుగా వచ్చి, మీటరు దిగువనున్న నీరు మూడు సెంటీమీటర్లు పైకి వచ్చినట్లు యంత్రము భ్రమించినది. కాబట్టి ధ్వనిని కొలుచు సెన్సరునకు తోడుగా ఉష్ణమును కొలుచు సెన్సరును గూడ అమర్చవలసివచ్చినది.

ఆ రెండవది, డి.ఎస్. 18బి20 అను పేరు గలది, ఒకనాటి అర్ధరాత్రి ట్యాంకులో ఉష్ణోగ్రత సరిగా 85 డిగ్రీలని ప్రకటించినది. దానిని నమ్మి లెక్క చేసిన చిప్పు, ధ్వని విపరీతవేగముతో పోవుచున్నదని తలచి, నీరు మీటరునకు పది సెంటీమీటర్ల వంతున క్రుంగినదని చాటినది. 84 కాదు, 86 కాదు, రాత్రివేళ నిక్కచ్చిగా 85! విచారింపగా తేలిన విషయమిది. ఆ సెన్సరునకు విద్యుత్తు అందిన తొలిక్షణమున దాని జ్ఞాపకములో తయారీదారు ఉంచిన అంకె 85. సంపూర్ణ సూక్ష్మతతో ఒకసారి కొలుచుటకు దానికి 750 మిల్లీసెకండ్ల వరకు పట్టును. అది కొలిచి ముగించులోపలనే ఎవరైన తొందరపడి అడిగినచో, అది తన నోట ముందే యున్న 85 ను ఉచ్చరించును. అడిగినవాడు కొలత యనుకొనును. అది కొలత కాదు, కొలువకపూర్వపు మాట. క్షణకాలము కరెంటు తడబడి మరల వచ్చినపుడు మా చిప్పు ఆ మాటనే పట్టుకొనినది. అంకె వచ్చినంత మాత్రమున కొలుచుట జరిగినదని నమ్మరాదని నాకు మొదటిసారి అనుమానము పుట్టినది ఆనాడే. కాని ఆ యనుమానము పూర్ణవిజ్ఞానముగా మారుటకు కార్తికమాసము వరకు ఆగవలసివచ్చినది. ఆ లోపల ట్యాంకుమీదినుండి తెరమీదికి అంకె నడచివచ్చు దారిని గూర్చి కొంత చెప్పెదను.

టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనాలయములో వెబ్బును రూపొందించినపుడు ఆయన యెదుట నున్న సమస్య వేర్వేరు చోట్ల పనిచేయు శాస్త్రజ్ఞులు తమ పత్రములను పరస్పరము చదువుకొనుట. పత్రము కదలదు, మారదు. కావలసినవాడు అడుగును, సర్వరు ఇచ్చును, అంతటితో ఋణము తీరిపోవును. పూర్వము తపాలా కార్యాలయములలో రెండు రెక్కలు గల జవాబు కార్డు దొరకెడిది. ఒక రెక్కమీద మన ప్రశ్న, రెండవ రెక్క అవతలివాని సమాధానమునకు. బ్రౌజరు స్వభావ మట్టిది. మన కార్డు అందనిదే అవతలివాడు వ్రాయడు. అడుగనిదే అమ్మయైన పెట్టదన్న సామెత సర్వరు విషయమున అక్షరాలా నిజము. క్షణక్షణము మారు కొలతను ఇట్టి స్వభావము గల వాహనముమీద ఎక్కించుట ఎట్లు?

ఈ ప్రశ్న వెబ్బుకంటె పాతది. 1982లో అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు కంప్యూటరు విభాగములో ఒక కోకాకోలా యంత్రముండెడిది. దూరపు గదులలో పనిచేయువారు అంత దూరము నడచిపోయి, సీసాలు లేకయో, అప్పుడే నింపుటచే వెచ్చగా నుండియో, నిరాశతో మరలివచ్చుచుండిరి. అందుచే వారు ఆ యంత్రములోని వరుసల దీపములకు తీగెలు తగిలించి కంప్యూటరునకు కలిపిరి. దీపము కొలది సెకండ్లు వెలిగి ఆరిన ఒక సీసా అమ్ముడుపోయినట్లు. వెలిగి ఆరకున్న ఆ వరుస ఖాళీ యైనట్లు. ఎవరైనను తమ గదినుండి అడిగినచో ఏ వరుసలో సీసాలు కలవో, నింపి ఎన్ని నిమిషములైనదో యంత్రము చెప్పెడిది. మూడు గంటలు గడచిన పిమ్మట నిమిషములు మాని "చల్లగా నున్నది" అని ప్రకటించెడిది.

తొమ్మిదేండ్ల తరువాత, 1991లో, ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఇట్టి బాధయే కాఫీ విషయమున పుట్టినది. ట్రోజన్ రూమ్ అను గది వెలుపల ఒకే కాఫీ కుండ, త్రాగువారు వేర్వేరు అంతస్తులలో. క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజరు, పాల్ జార్డెట్‌స్కీ అను నిద్దరు ఆ కుండకెదురుగా కెమెరా నొకదానిని నిలిపి, 128 చుక్కల వెడల్పు, అంతే యెత్తు గల నలుపు తెలుపు చిత్రమును అందరి తెరలమీదను కనబడునట్లు చేసిరి. నిమిషమునకు సుమారు మూడుసార్లు ఆ చిత్రము మారెడిది. 1993లో బ్రౌజరులు అక్షరములతో పాటు చిత్రములను గూడ చూపుట నేర్చినంతనే, అక్కడివారు దానిని వెబ్బులో నుంచిరి. బ్రౌజరు అడిగినప్పుడెల్ల సర్వరు పాత చిత్రమును గాక అప్పటి చిత్రమును ఇచ్చును. పత్రమును గూర్చి పుట్టిన ప్రశ్నోత్తర పద్ధతిలోనే ప్రత్యక్షదర్శనమును దొంగచాటుగా దూర్చిన సొగసైన ఉపాయ మది. లోకమంతయు ఆ కుండను చూచినది. 2001 ఆగస్టు 22న కెమెరాను ఆర్పివేసిరి. అప్పటికి అక్కడ నున్న కుండను వేలము వేయగా, జర్మనీ దేశపు ష్పీగెల్ పత్రికవారు 3,350 పౌనులకు కొనుక్కొనిరి. కాఫీ కుండకు కలిగిన కీర్తి కోకు యంత్రమునకు కలుగలేదు గాని, నా తీర్పు అడిగినచో రెండింటిలో కోకు యంత్రమే ఘనమైనదని చెప్పుదును. కుండ నిండుగా నున్నదని చిత్రము చూపగలదు. ఆ కాఫీ ప్రొద్దుట కాచినదో ఇప్పుడు కాచినదో చూపలేదు. కోకు యంత్రము తన సమాచారముతో పాటు వయస్సును గూడ చెప్పినది. మా సరంగు పిట్స్‌బర్గులో పుట్టియుండిన ఆ యంత్రమునే మెచ్చియుండును.

తరువాతి పరిణామములను త్వరగా దాటెదను. మొదట కొంతకాలము పుటను మొత్తముగా మాటిమాటికి తిరిగి తెప్పించుకొనుచుండిరి. ప్రతిసారియు తెర రెప్పపాటు తెల్లబోయి కన్నులకు నొప్పి కలిగించెడిది. 1999లో మైక్రోసాఫ్టువారి బ్రౌజరులో, పుట కదలకుండనే దాని వెనుకనుండి చిన్న ప్రశ్నను పంపి చిన్న సమాధానమును రాబట్టు సౌకర్యము వచ్చినది. 2005లో దానికి అజాక్స్ అను పేరు పడినది. అదియు జవాబు కార్డే, చిన్న కార్డు. "మారినదా? మారినదా?" అని ప్రయాణములో పసివాడు "ఊరు వచ్చినదా?" అని అడిగినట్లు అడుగుచుండుటయే. అడుగు పని తప్పి, ఒకసారి తలుపు తెరచిన పిమ్మట ఇరువైపులవారును తమకు తోచినప్పుడు మాటాడుకొను మార్గము వెబ్‌సాకెట్ అను పేర 2011 డిసెంబరులో ప్రమాణముగా స్థిరపడినది. ఇప్పుడు మా ట్యాంకు అంకె బ్రౌజరు అడుగకయే వచ్చి తెరమీద వ్రాలుచున్నది.

ఐతే ట్యాంకు నేరుగా బ్రౌజరుతో మాటాడదు. నడుమ ఒక మధ్యవర్తి గలడు; ఆ మధ్యవర్తి పాటించు ఆచారము పేరు ఎమ్.క్యు.టి.టి. ఐ.బి.ఎమ్. సంస్థలోని ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్కు, అతనితో కలిసి పనిచేసిన ఆర్లెన్ నిప్పరు 1999లో దీనిని కల్పించిరి. ఎడారులగుండ పోవు చమురు గొట్టముల కొలతలను ఉపగ్రహముల ద్వారా రాబట్టుట వారి ప్రయోజనము. ఉపగ్రహమార్గమున అక్షరమక్షరమునకు ఖర్చు గనుక, సందేశమునకు తగిలించు శిరోభాగము రెండు బైట్లకు దిగునట్లు వారు పొదుపు చేసిరి. దీని స్వరూపమును రేడియో శ్రోతలకు వేరుగా వివరింప నక్కరలేదు. మీరిప్పుడు చేయుచున్న పనియే అది. ఇక్కడ నేను మాటాడుచున్నాను. ఎవరు వినుచున్నారో నాకు తెలియదు. ఒకరు విన్నను పదివేలమంది విన్నను నేను పలుకు మాట ఒక్కటియే. వినగోరువారు తమ తమ పెట్టెలను ఈ కేంద్రమునకు త్రిప్పుకొందురు. అట్లే మా ట్యాంకు "డాబా, ట్యాంకు, మట్టము" అను పేరుతో ప్రసారము చేయును; ఆ పేరునకు చెవి త్రిప్పుకొనిన బ్రౌజరు, వెబ్‌సాకెట్ ద్వారముగుండ, దానిని వినును. మా యింటావిడ ఫోనులో, మనుమరాలి కంప్యూటరులో, నా గదిలో ఏకకాలమున అంకె మారును. ట్యాంకునకు ఆ ముగ్గురి ఉనికియు తెలియదు.

ఈ మధ్యవర్తికి ఒక మర్యాద కలదు. ఆలస్యముగా వచ్చి చెవి యొగ్గినవానిని రిక్తహస్తములతో కూర్చుండబెట్టక, చిట్టచివరిగా వచ్చిన సందేశమును దాచియుంచి వెంటనే వినిపించును. పంపువాడు దాచుమని కోరినచో దాచును, మేము కోరితిమి. ఇంతకంటె సదుద్దేశముతో చేసిన పని యుండబోదు.

కార్తికమాసము వచ్చినది. ఒక ఆదివారము రాత్రి గాలికి కరెంటు పోయి, కొంతసేపటికి వచ్చినది. ఇంటిలోని రూటరు, మధ్యవర్తి నివసించు చిన్న కంప్యూటరు, రెండును ఇన్వర్టరు మీద నడచునవి గనుక వానికి చీకు చింత లేదు. డాబామీది చిప్పునకు ఇన్వర్టరు లేదు. మరల కరెంటు వచ్చినపుడు దాని అడాప్టరు కాలిపోయినది. మరునాడు కార్తిక సోమవారము. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి ఫోను చూచితిని: 62 శాతము. నిశ్చింతగా మోటారు వేయక మరల పడుకొంటిని. మా యింటావిడ కుళాయి త్రిప్పగా అది రెండు మూడు సార్లు గురకపెట్టి ఊరకుండినది. క్రింది వాటాలోని వారి స్నానముల గదిలో కుళాయి రాత్రి యంతయు కారి, ట్యాంకు నడుగంటినది. నేను నమ్మక మరల పుట తెరచి చూచితిని: 62. మూసి, తెరచి, మరల చూచితిని: 62. మధ్యవర్తి తన మర్యాద చొప్పున, మూయుచు తెరచుచున్న నాకు ప్రతిపర్యాయమును, రాత్రి పదునొకండు గంటలకు మరణించిన చిప్పు తుదిపలుకును అప్పుడే అందిన వార్తవలె వినిపించుచుండెను. పటమునకు దండ వేయలేదు గనుక, పటములోని మనిషి బ్రతికియున్నాడని నేననుకొంటిని. మా యింటావిడ తువ్వాలు నా చేతికిచ్చి, "ట్యాంకులో అరవై రెండు శాతం ఉందన్నారుగా, ఆ అరవై రెండుతో స్నానం చేసి రండి" అన్నది.

ఆ దినమున నాకొక సంగతి స్ఫురించినది. దానిని చెప్పుకొనుటకు రేడియోకంటె తగిన చోటు లేదు. నేనిప్పుడు మాటాడుచు మాటాడుచు ఆగిపోయితిననుకొనుడు. కేంద్రములో యంత్రము చెడినదనుకొనుడు. అయిదు సెకండ్లలో మీకు తెలియును. పది సెకండ్లలో మీరు లేచి పెట్టెను తట్టుదురు. ఏలన, ధ్వని కాలములో బ్రతుకునది. ఆగిన ధ్వని నిశ్శబ్దమై తన మరణమును తానే చాటుకొనును. అంకె అట్టిది కాదు. తెరమీద వ్రాసిన అంకె వ్రాసినవాడు పోయినను నిలిచియుండును. ప్రాణమున్న 62 కును ప్రాణము లేని 62 కును రూపములో వెంట్రుకవాసి భేదము లేదు. గోడగడియారము ఆగినపుడైన టిక్కుటిక్కుమను చప్పుడు ఆగి చెవికి తెలియును. ఈ అంకె చప్పుడు లేకుండ బ్రతికి, చప్పుడు లేకుండ చచ్చి, చచ్చిన పిమ్మట బ్రతికినవానివలెనే మన యెదుట కూర్చుండును. తప్పు అంకెను అనుమానింపవచ్చును, 85 డిగ్రీలను అనుమానించినట్లు. ఆగిన అంకె సర్వవిధముల నమ్మదగినట్లుండుటయే దాని విషము.

మనుమరాలికి ఫోను చేసితిని. అది నవ్వి, పిమ్మట నాలుక కరచుకొని, "తప్పు నాదే తాతయ్యా, వీలునామా రాయించడం మరిచిపోయాను" అన్నది. వీలునామా యను మాట హాస్యము కాదు. ఎమ్.క్యు.టి.టి. ని కల్పించినవారు దానికి నిజముగనే ఆ పేరు పెట్టిరి. పరికరము మధ్యవర్తితో సంబంధము కలుపుకొను తొలిక్షణముననే, బ్రతికియుండగనే, "నేను చెప్పాపెట్టకుండ పోయినచో ఈ వార్తను అందరికిని చాటుము" అని ఒక సందేశమును అతని యొద్ద దాచియుంచవచ్చును. "ఇన్ని సెకండ్లకొకసారి యైన నేను పలుకుదును" అని ఒక గడువును గూడ చెప్పును. ఆ గడువునకు ఒకటిన్నర రెట్లు కాలము గడచినను పలుకకున్న మధ్యవర్తి ఆశ వదలుకొని వీలునామా చదువును. మా గడువు 60 సెకండ్లు గనుక, 90 సెకండ్లకు చావు వార్త అందును. చమురు గొట్టములవారు ఎడారిలో దిక్కులేక పోవు పరికరములను ఎరుగుదురు. అందుచేతనే యీ దూరదృష్టి.

వీలునామా ఒక్కటియే చాలదు. చిప్పు బ్రతికియుండి సెన్సరు చచ్చినచో చిప్పు పాతకొలతనే పలుకుచుండవచ్చును. ఇంటిలోని సంబంధమే తెగినచో వీలునామా చదువు మాట బ్రౌజరునకే చేరదు. అందుచే ప్రతి కొలతకును అది కొలిచిన వేళను జోడించి పంపునట్లును, పుట తనంత తానే సెకండు సెకండునకు ఆ కొలత వయస్సును లెక్కించి అంకె ప్రక్కనే చూపునట్లును చేసినాము: "62 శాతము, 7 సెకండ్ల క్రితము." రెండు నిమిషములు దాటిన అంకె బూడిదరంగు పొందును. అయిదు నిమిషములు దాటిన అంకె మాయమై దాని చోట ఒక గీత నిలుచును. ఈ గీత విషయమున మనుమరాలికిని నాకును వాదము జరిగినది. ఏదో ఒక అంకె ఉండిన మేలు గదా యని దాని మతము; తెలియదని ఒప్పుకొనలేని పండితుని పొంత పోరాదని నా మతము. గీతయే నిలిచినది.

వేళను జోడించుట చెప్పినంత సులభము కాలేదు. ఆ చిప్పునకు స్వంత గడియారము లేదు. కరెంటు వచ్చి కన్ను తెరచినపుడెల్ల అది 1970 జనవరి 1వ తేదీ యనియే భావించును. కంప్యూటరులలో పెక్కింటికి కాలగణన అక్కడ మొదలు. గ్రీనిచ్చి లెక్క గనుక మనకు ఉదయము అయిదున్నర. ఇంటర్నెట్టులోని కాలసర్వరును అడిగి దిద్దుకొనులోపల అది పంపిన మొదటి కొలత మా తెరమీద "అయిదు దశాబ్దముల క్రితము" అని వెలసినది! అప్పటికి మా యింటికి ట్యాంకు లేదు సరిగదా, ఇల్లే లేదు. వేళ దిద్దుకొనువరకు నోరు మెదపరాదని చిప్పునకు ఆనతి యిచ్చితిమి.

నీరు పైనుండి పడునపుడు అలలకు అంకె వణకును. అయిదు కొలతలు తీసి వానిలో నడుమదానిని గ్రహించిన ఆ వణకు తగ్గును. దశాంశములు చూపుట కేవలము డంబము. అలలాడు నీటికి 62.37 శాతమనుట, సంతలో తవుడును మిల్లీగ్రాములలో తూచుట. ఇంకొక సంగతి: ఈ పుటను సంకేతపదము లేకుండ లోకమునకు తెరచి యుంచరాదు. మూడు దినములుగా నీటిమట్టము కదలని యిల్లు తాళము వేసిన యిల్లని గ్రహించుటకు దొంగకు ఇంజనీరింగు పట్టము అవసరము లేదు.

2022 జూలైలో గోదావరి మరల భద్రాచలము వద్ద 71.3 అడుగులకు ఎక్కినది. 1986 తరువాత అంతటి మట్టము అదే. ఇప్పుడు కేంద్ర జలసంఘమువారు పెక్కుచోట్ల నదిమీద రాడారు సెన్సరులను నిలిపినారు. అవియు ప్రతిధ్వనినే యెంచును గాని, అది రేడియో తరంగపు ప్రతిధ్వని యగుటచే గాలి ఉష్ణము దానిని మోసగింపజాలదు. కొలతలు ఉపగ్రహముల ద్వారా కార్యాలయమునకు చేరి, అక్కడినుండి తెరలమీదికి వచ్చుచున్నవి. ఆ వారము నేను ఇంటిలో కూర్చుండి ఆ మట్టములను ఫోనులో చూచుచుంటిని. చూచినప్పుడెల్ల నా కన్ను మొదట పోయినది అడుగుల మీదికి కాదు. ప్రక్కన చిన్నయక్షరములలో నున్న గంట మీదికి. సరంగు పోయి చాలకాలమైనది.

క్రిందటి నెలలో మా యింటావిడ హైదరాబాదులో మా అమ్మాయి యింటికి పోయినది. ఇక్కడ నేనొక్కడనే. ఒక సాయంకాలము అరుగుమీద కూర్చుండి పత్రిక చదువుకొనుచుండగా ఫోను మ్రోగినది. "ఏమండీ, ట్యాంకు దగ్గర గీత వచ్చింది. పది నిమిషాలైందంటోంది. కాస్త లేచి చూడండి" అన్నది. టార్చి, చేతికర్ర తీసికొని మెట్లెక్కితిని. ట్యాంకు మూతమీద ఒక కోతిపిల్ల కూర్చుండి, ఊడదీసిన తీగెను రెండు చేతులతో పట్టుకొని, చెరకుముక్కను నమిలినట్లు నములుచున్నది. నన్ను చూచి పండ్లిగిలించి, తీగెను విసరివేసి, కొబ్బరిచెట్టుమీదికి దుమికినది. తీగెను తుడిచి యథాస్థానమున గ్రుచ్చి, అక్కడనుండియే ఫోనులో "ఇప్పుడెట్లున్నది?" అని అడిగితిని. కొంతసేపు అవతలినుండి మాట రాలేదు.

"ఉండండి, వస్తోంది" అన్నది. "ఆ, వచ్చింది. నాలుగు సెకండ్ల క్రితం. యాభై ఏడు శాతం."